సీసం దిగాలంటే

ఆ ఎండాకాలం మొదట్లో మా ఇంటికి ఒక అంకె వచ్చింది. చుట్టపుచూపుగా రాలేదు, మకాం వేసేలా వచ్చింది. నలభై ఏడు.

మా ఆయన రక్తంలో సీసం అంత ఉందని కాగితం మీద కొట్టి ఇచ్చారు. పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో, ఉండాల్సింది ఐదు లోపు అని ఉంది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "బడిలో లెక్కల పరీక్షలో నాకు ఏనాడూ ముప్పై దాటలేదు. ఇప్పుడు దాటింది చూడు" అన్నాడు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ నవ్వలేదు. ఆయన పై పెదవి ఎత్తి చిగుళ్ల అంచున ఉన్న నీలం గీత నాకు చూపించింది. పదేళ్లుగా ఆ నోటితో కాపురం చేస్తున్నాను, ఆ గీత నా కంట పడలేదు. చేతులు చాపమంది. ఎడమచెయ్యి తిన్నగా నిలబడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాడిపోయిన కాడలా వాలింది.

"ఏం పని?"

"రేడియేటర్లండీ."

లారీలవీ బస్సులవీ రేడియేటర్లు కారితే మా ఆయన దగ్గరికే వస్తాయి. గ్యాస్ మంటతో పాత టంకం కరిగించి, భుజం మీది గుడ్డతో తుడిచి, కొత్త టంకం పోసి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు లేవడం లేదని చూసి ఇస్తాడు. ఆ టంకంలో సగానికి పైగా సీసమే. ఆయన చెయ్యి పడితే మళ్లీ కారదని డ్రైవర్లలో పేరు. పన్నెండేళ్లుగా ఆ పేరుతోనే మా పొయ్యి వెలుగుతోంది.

"పని మానెయ్యాలి" అంది డాక్టరమ్మ.

"మానేసి ఏం తినాలండీ?"

"సీసాన్ని లాగే మందులు ఉన్నాయి. కానీ అక్కడే పని చేస్తూ అవి మింగితే మేలు పోయి కీడొస్తుంది. అడుసు తొక్కుతూనే కాలు కడుక్కుంటానంటే ఎలా కుదురుతుంది?" ఆమె నావైపు తిరిగింది. మొగుళ్లు వినరని ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లకి తెలిసే ఉంటుంది. "కనీసం మంట దగ్గర్నుంచి తప్పుకోమనండి. ఖాళీ కడుపుతో పంపకండి. రక్తం తక్కువుంది, ఇనుము మాత్రలు ఇక్కడే ఉచితంగా ఇస్తారు. కాల్షియం, సి విటమిన్ మీరు చూసుకోవాలి. ఇవి తక్కువైన ఒంట్లోనే సీసం సులువుగా దూరుతుంది."

"ఖాళీ కుర్చీ కనపడితే కూర్చునే రకమన్నమాట" అన్నాను.

ఈసారి ఆమె కొంచెం నవ్వింది. మేం లేచాక అడిగింది. "ఇంట్లో పిల్లలున్నారా?"

"ఒక్క పాపండీ. ఐదో ఏడు. షెడ్డు మొహం కూడా చూడలేదు."

"అయినా సరే. ఒకసారి పరీక్ష చేయించండి."

ఆ పరీక్ష ఆసుపత్రిలో లేదు, బయట చేయించాలి. ఆయనకి చేయించిన దానికే ఆ నెల ఒక పూట కూర మానేశాం. నెల తిరిగితే ఆయనకి మళ్లీ చేయించాలి. "అలాగేనండీ" అన్నాను. చెయ్యబోమని తెలిసిన పనికి మనం ఏ గొంతుతో అలాగే అంటామో ఆ గొంతుతో.

*

షెడ్డు మేస్త్రి చెడ్డవాడేం కాదు. ఆయన్ని మంట దగ్గర్నుంచి తప్పించి విప్పే బల్లకి మార్చాడు. వచ్చిన రేడియేటర్లని విప్పి, బ్రష్షుతో రుద్ది, బూడిదరంగు పొడి దులిపి పక్కన పెట్టడం. కూలి కొంచెం తగ్గింది. మేస్త్రి తన వంతుగా ఇంకో మాట కూడా అన్నాడట. "సీసాన్ని పాలు కోసేస్తాయిరా. మా నాన్న కాలం నుంచీ తెలిసిందే. అందుకే కదా మీకు రోజూ అర లీటరు పోయిస్తున్నాను!"

నిజమే. సాయంత్రం నాలుగింటికి పాలవాడు షెడ్డుకి వచ్చి తలా అర లీటరు పోసి వెళతాడు. కూలి రెండు రోజులు ఆలస్యమైనా పాలు మాత్రం ఆగవు. తాగినవాళ్లు అక్కడే తాగుతారు, లేదంటే ఇంటికి తెచ్చుకుంటారు. మా ఆయనకి పాలు పడవు. తాగితే కడుపులో గడబిడ. అందుకని మధ్యాహ్నం తిన్న క్యారియర్ గిన్నెలోనే పోయించుకుని ఇంటికి తెచ్చేవాడు.

"పిచ్చుక తాగనీ. నా వాటా దాని ఒంట్లో పడితే నా ఒంట్లో పడినట్టే" అనేవాడు.

పిచ్చుక మా పాప. గింజ గింజ ఏరుకుని తింటుందని ఆ పేరు. ఆ ఎండల్లో ఆ గింజలు కూడా మానేసి కడుపునొప్పి అంటూ గచ్చు మీద బోర్లా పడుకునేది. ఎండాకాలం కదా, పిల్లలకి ఆకలి చస్తుందిలే అనుకున్నాను. చేతికి దొరికిన కారణంతో సరిపెట్టుకుంటే ఎంత హాయో!

మూడో రోజే మా వదిన దిగింది. వదినంటే ఆయన అక్క. చేతిలో ఉన్న సంచిని చూడగానే నాకు అర్థమైంది. ఆవిడ రెండేళ్లుగా ఏదో ఒక కంపెనీ డబ్బాలు అమ్ముతోంది. ముందు మోకాళ్ల నొప్పులు, తర్వాత జుట్టు, ఇప్పుడు శుద్ధి.

"మరదలా, నువ్వేం దిగులు పడకు. తమ్ముడి ఒంట్లో ఉన్న సీసం, పాదరసం, ఇంకేమున్నా సరే, పదిహేను రోజుల్లో ఊడ్చి పారేస్తుంది" అంటూ ఆకుపచ్చ డబ్బా బల్ల మీద పెట్టింది. "ఇంకోటి చూడు. ఈ పట్టీలు అరికాళ్లకి అంటించుకుని పడుకుంటే తెల్లారేసరికి నల్లగా అవుతాయి. ఆ నలుపంతా ఒంట్లోంచి దిగిన విషమే."

"ఎంత వదినా?"

ఆవిడ చెప్పింది. ఆయన నెల జీతంలో మూడో వంతు.

"నీకు కాబట్టి సగానికి ఇస్తాను. తమ్ముడి దగ్గర లాభం తింటానా?"

నేను కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు తూచే పని చేస్తాను. లోపల ఏముందో చెప్పకుండా బరువు తక్కువ చేయించాలని చూసేవాళ్లని రోజూ పదిమందిని చూస్తాను. ఒక పట్టీ తీసుకుని వంటింట్లోకి వెళ్లి, మరుగుతున్న టీ గిన్నె మూతకి లోపలివైపు అంటించాను. కబుర్లు చెప్పుకుంటూ టీలు తాగాం. తర్వాత మూత తెచ్చి ఆవిడ ముందు బోర్లించాను. పట్టీ నల్లగా, తారు పూసినట్టు ఉంది.

"మా టీ గిన్నెకి కూడా విషం దిగింది వదినా. పాపం, ఎన్నాళ్లనుంచి బాధపడుతోందో!"

మా ఆయన గోడకి చేరబడి కడుపు పట్టుకుని నవ్వాడు. నొప్పో నవ్వో తెలీలేదు. వదిన మొహం మాడ్చుకుని సంచి సర్దుకుంది.

"చదువుకున్నానని పొగరు నీకు. రేపు వాడికేమైనా అయితే ఆ టీ గిన్నెని అడుగు."

ఆవిడ వెళ్లిన తర్వాత కూడా ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది. నాకు కూర్చుంటే కుదురు లేదు, నిల్చుంటే కుదురు లేదు. పట్టీ మోసమని తేలింది. మరి నిజమేది?

*

మందుల షాపులో గాజుబల్ల వెనక ఒక పెద్దాయన ఉండేవాడు. కళ్లజోడు ముక్కు మీదికి జారితే జారిన చోటే ఉంచి, దాని పైనుంచి చూసేవాడు. వారం రోజుల్లో నాలుగుసార్లు వెళ్లాను. మొదటి మూడుసార్లు ఏమీ కొనలేదు. డబ్బాలు దింపించుకుని వెనక ఉన్న అచ్చు చదివి మళ్లీ పైన పెట్టించాను.

నాలుగోసారి ఆయన అన్నాడు. "అమ్మాయ్, ఇది గ్రంథాలయం అని ఎవరైనా చెప్పారా నీకు?"

"అక్కడ ఇన్ని అబద్ధాలు దొరకవు బాబాయ్."

ఆయన కళ్లజోడు పైకి తోశాడు. నా మాటకి పడిపోయాడనుకున్నాను, పడ్డాడు. ఎవరికి, ఎందుకు అని అడిగాడు. చెప్పాను. షట్టర్ దగ్గర ఎవరూ లేరని చూసుకుని, బల్ల మీద నాలుగు డబ్బాలు వరసగా పెట్టాడు.

"ఈ బంగారు కాగితం చుట్టిన దాంట్లో ముప్పై రకాలున్నాయి. ఒక్కోటీ చిటికెడు. అన్నీ ఉన్నట్టే ఉంటాయి, ఏదీ సరిపడా ఉండదు. ఇది నాటు కాల్షియం, ఎముకల పొడి. చవక. కానీ ఎముకల్లోకి ఏమేం చేరుతుందో మీ డాక్టరమ్మని అడుగు."

"ఏం చేరుతుంది?"

"సీసమే. మనిషికైనా పశువుకైనా ఎముకే దానికి ఇల్లు. పరీక్ష చేసి అమ్మితే సరే. దీని మీద ఆ మాట ఎక్కడైనా ఉందా, చదువుకున్నదానివి, చూడు."

చూశాను. లేదు. చెయ్యి కాలినట్టు వెనక్కి నెట్టాను. సీసం దింపడానికి సీసం కొనుక్కుని ఇంటికెళ్లేదాన్నే!

చివరికి తేలింది ఇదీ. కాల్షియం మాత్రల్లో పేరు లేని కంపెనీవి, కానీ ఎంత మోతాదో తిన్నగా రాసినవి. సి విటమిన్ మాత్ర వద్దు, రోజుకో నిమ్మకాయ. జింకు కావాలంటే గుడ్డు, పప్పు. ఇనుము ఆసుపత్రిదే. ఇనుమూ కాల్షియమూ ఒకేసారి మింగితే రెండూ గుమ్మంలో ఇరుక్కున్న తోడికోడళ్లలా ఏదీ లోపలికి పోదట. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇనుము వేసుకున్నాక గంటన్నర టీ ముట్టకూడదు.

"ఇంతకీ నువ్వేం కొన్నావు?" అన్నాడు పెద్దాయన, నేను ఒక్క అట్ట మాత్రలు పట్టుకుని దిగుతుంటే.

"జ్ఞానం బాబాయ్."

"దానికి బిల్లు లేదు కాబట్టి బతికిపోయావు."

ఆ అట్టకీ గుడ్లకీ డబ్బు ఎక్కడి నుంచి తేవాలా అని దారంతా ఆలోచించాను. ఇంటికి రాగానే తట్టింది. వీధి చివర పాలకేంద్రంలో పిచ్చుక కోసం రోజూ ప్యాకెట్టు కొంటున్నాం. షెడ్డు నుంచి అర లీటరు వస్తుంటే మళ్లీ ఇదెందుకు? మర్నాటి నుంచి ప్యాకెట్టు మాన్పించాను. సరిగ్గా సరిపోయింది. అటు మొగుడి మందులు, ఇటు పిల్లకి పూర్తిగా పాలు. నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను.

*

మందుల వేళలే ఇంట్లో యుద్ధాలయ్యాయి.

"టీ ఏదే?"

"ఇంకా నలభై నిమిషాలుంది బావా."

మా ఆయన నాకు మేనమామ కొడుకు. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే.

"టీ లేకుండా మనిషన్నవాడు గుమ్మం దాటతాడా? ఆ సీసమేదో ఉండనీ. పన్నెండేళ్లు ఉంది, నన్నేమైనా కరిచిందా?"

"మణికట్టు పైకెత్తి ఆ మాట అను."

ఎత్తలేకపోయేవాడు. గ్లాసు విసిరేవాడు. స్టీలు గ్లాసు కాబట్టి గచ్చు మీద మోగి ఊరుకునేది. మునుపు చీమని పక్కకి జరిపి కూర్చునే మనిషి, ఫ్యాను చప్పుడు చేస్తోందని ఫ్యానుతో పోట్లాడేవాడు. ఎండ గోడల్లోంచి ఇంట్లోకి నడిచి వచ్చేది. ఆయన ముందుగదిలో అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు. ఆయన వెనకే నేను నిమ్మకాయ నీళ్లతో. పిచ్చుక గచ్చు మీద పడుకుని మా ఇద్దర్నీ కళ్లతో తిప్పుకునేది. ఆడుకోమంటే ఆడుకునేది కాదు. మొన్నటిదాకా గడగడా చెప్పిన అంకెలు పదకొండు దగ్గర ఆగిపోయేవి.

"పదకొండు తర్వాత?"

"తర్వాత... ఏదో ఉంటుంది."

"అయ్యో, పంతులమ్మ జవాబు చెప్పిందిరా!" అని ఆయన ఎత్తుకుని తిప్పేవాడు. సాయంత్రం షెడ్డు నుంచి రాగానే అదే గుడ్డలతో, స్నానానికి ముందే. అదొక్కటే ఆయన మొహం విచ్చుకునే వేళ. ఆ వేళలో ఏం అడ్డుపడను?

నెల తిరిగింది. మళ్లీ రక్తం ఇచ్చాడు. నలభై ఒకటి.

ఆరు తగ్గింది! కాగితం పట్టుకుని మందుల షాపు దగ్గర ఆగి మరీ చూపించాను. పెద్దాయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు, వెటకారంగానే, కానీ లేచాడు. వదినకి ఫోన్ చేసి చెప్పాను. టీ గిన్నె కులాసాగా ఉందని కూడా చెప్పాను.

డాక్టరమ్మ మాత్రం కాగితం పక్కన పెట్టి, "పాపకి చేయించారా?" అంది.

"ఈ నెల కుదరలేదండీ."

"పాప ఎక్కడుంది?"

బయట బెంచీ మీద వాళ్ల నాన్న ఒళ్లో ఉంది. ఆమె లేచి వెళ్లి పిచ్చుక కనురెప్ప కిందికి లాగి చూసింది. గోళ్లు చూసింది. లోపలికి వచ్చి ఒక చీటీ రాసిచ్చింది. "ఇవాళే. నేను చెప్పానని చెప్పండి, డబ్బు సగమే తీసుకుంటారు."

నాలుగు రోజులకి కాగితం వచ్చింది. ఆయన పనికి వెళ్లాడు, నేను ఆఫీసులో గంట అడిగి వెళ్లాను. డాక్టరమ్మ కాగితం నా చేతికే ఇచ్చింది.

ముప్పై ఎనిమిది.

పేరు చూశాను. వయసు చూశాను. వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడైనా మా ఆయన కాగితం కలిసిపోయిందేమోనని.

"గోడల రంగు ఊడుతోందా?" అని అడిగింది.

"లేదండీ. సున్నమే."

"మట్టి తింటుందా? బొమ్మలు నోట్లో పెట్టుకుంటుందా?"

"లేదండీ. అసలు ఏదీ నోట్లో పెట్టదు, అదే బాధ."

"మరి ఏం తింటుంది రోజూ?"

"నాలుగు మెతుకులు, సగం గుడ్డు. పాలు మాత్రం పూర్తిగా తాగిస్తానండీ. రోజూ అర లీటరు." ఆ మాట నేను గర్వంగానే అన్నాను. "కొనేవి కూడా కాదు. వాళ్ల నాన్నకి షెడ్డులో ఇస్తారు."

ఆమె కలం ఆగింది.

"ఎందులో తెస్తారు?"

"క్యారియర్ గిన్నెలో."

"పొద్దుట్నుంచీ ఆ గిన్నె ఎక్కడ ఉంటుంది?"

"బల్ల మీద. మూత ఉంటుందండీ. పాలు పోయించుకునే ముందు లోపల బాగా తుడుస్తారు కూడా. చాలా శుభ్రం ఆయనకి."

"దేంతో తుడుస్తారు?"

నాకు జవాబు తెలుసు. భుజం మీద గుడ్డతో. ఆమె, ఫ్యాను గాలికి బల్ల మీద కాగితాలు లేస్తుంటే వాటి మీద చెయ్యి పెట్టి, అలాగే ఉంచింది.

*

ఆ సాయంత్రం నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన వీధి మలుపు తిరిగి, గిన్నె తొణక్కుండా చెయ్యి కొంచెం ఎడంగా పెట్టుకుని నడిచి వచ్చాడు.

"అక్కడే ఆగు బావా."

"ఏం? గుమ్మం కడుగుతున్నావా?"

"పిచ్చుకకి ముప్పై ఎనిమిది."

నవ్వుతూ వచ్చినవాడు నవ్వు ఎక్కడ దింపాలో తెలీనట్టు నిలబడ్డాడు. "దానికెలా? అది షెడ్డుకి రాలేదే. దేంట్లోంచి?"

నేను గిన్నె వైపు చూశాను. తర్వాత ఆయన భుజం వైపు చూశాను. ఆయన కూడా చూసుకున్నాడు.

లోపలి నుంచి పిచ్చుక వచ్చింది. "నాన్నా, పాలు!"

ఆయన రెండు అడుగులు వెనక్కి వేశాడు. వీధిలో వెళుతున్న సైకిలతను గంట కొట్టి, "చూసుకో అన్నా!" అని తప్పుకుని పోయాడు.

ఆ రాత్రి ఆయన తిండి బయట మెట్టు మీదే. నాకు తిట్టాలని ఉంది. ఎవర్ని తిట్టాలి? ప్యాకెట్టు మాన్పించింది నేను.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్లాడు. వెళుతుంటే నా ఒళ్లు మండిపోయింది, ఇంకా బుద్ధి రాలేదా అని. పదింటికల్లా తిరిగి వచ్చాడు. చొక్కా లేదు, గుడ్డ లేదు, క్యారియర్ లేదు. అన్నీ అక్కడే వదిలేశాడు.

"చెప్పాను అందరికీ. తాగితే అక్కడే తాగండి, కడిగిన గ్లాసులో, కడిగిన చేతుల్తో. ఇంటికి తీసుకెళ్లొద్దని."

"ఏమన్నారు?"

"మేస్త్రి నవ్వాడు. ఇద్దరు నవ్వలేదు." మెట్టు మీద కూర్చుంటూ, "వాళ్లిద్దరికీ పిల్లలున్నారు" అన్నాడు.

రాత్రే తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడట, మధ్యాహ్నానికి వదిన వచ్చింది. చేతిలో సంచి లేదు. చీరకుచ్చెళ్లు ఎగదోపి, బకెట్టు నిండా నీళ్లు పట్టించి, "చీపురు ముట్టుకోకు. దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతోనే" అంది.

"నీకెవరు చెప్పారు వదినా?"

"మీ డాక్టరమ్మని అడిగొచ్చాను. నాకు నోరు లేదా?"

గోడలు, కిటికీ ఊచలు, మంచం కోళ్లు, చెప్పులు విడిచే చోటు. ఇద్దరం రెండు రోజులు తుడిచాం. పరుపు తీసి పారేశాం. ఆ రెండు రోజులూ పిచ్చుక వాళ్లింట్లోనే. తుడుస్తూ తుడుస్తూ వదిన ఒక్కసారి ఆగి, "పొడి అమ్మడం మానను మరదలా. నా ఇల్లు గడవాలి. ఈ ఇంట్లో మాత్రం అమ్మను" అంది.

"మా టీ గిన్నె చాలా బాధపడుతుంది."

ఆవిడ తడిగుడ్డ నా మీద విసిరింది. ఆ వేసవి మొత్తంలో నేను ఏడ్చింది అప్పుడే, నవ్వుతూ నవ్వుతూ.

*

పిచ్చుక అంకెకి సీసాన్ని లాగే మందు ఇవ్వరట, ఆ మందు ఇచ్చే గీతకి కొంచెం కిందే ఉందట. దక్కిన అదృష్టం అది. ఇనుము సిరప్పు, కాల్షియం, మూడు పూటలా కడుపు ఖాళీ లేకుండా ఏదో ఒకటి. మళ్లీ అవే మాత్రలు, అవే నిమ్మకాయలు, ఈసారి రెండు ఒళ్లకి. పాలు ప్యాకెట్టువే. నేను కొరియర్ ఆఫీసులో సాయంత్రం పని కూడా ఒప్పుకున్నాను. ఆయన నీళ్ల క్యాన్లు వేసే బండికి కుదిరాడు. మూడంతస్తులు ఎక్కి మోస్తే గానీ షెడ్డులో ఒక్క అతుక్కి వచ్చేంత వచ్చేది కాదు. క్యాను పట్టుకుంటే కుడి మణికట్టు వాలిపోయేది. ఎడమ భుజం మీద మోసేవాడు. ఖాళీ ఉంటే మాత్రం వేళ్లు ఊరుకునేవి కావు. మంచం అంచు, బకెట్టు అంచు, ఏదో ఒక అంచు వెంబడి బొటనవేలు పాకిస్తూ ఉండేవాడు, ఎక్కడో చిల్లు ఉన్నట్టు.

ఎండలు తగ్గుముఖం పట్టేసరికి పిచ్చుక ఇరవై తొమ్మిదికి దిగింది. ఆయన ముప్పై రెండు.

"సున్నా ఎప్పుడవుతుంది?" అని ఆయన డాక్టరమ్మని అడిగాడు.

"రక్తంలోంచి నెలల్లో తగ్గుతుంది. ఎముకల్లోంచి ఏళ్లు పడుతుంది. ఇంకోసారి లోపలికి పోకుండా చూసుకోవడమే మీ చేతిలో ఉన్నది."

తొలి వాన పడ్డ మర్నాడు, సెలవు పూట, ఒక లారీ ఓనరు ఆటోలో రేడియేటర్ వేసుకుని మా ఇంటి ముందు దిగాడు. పాత బేరం, ఆయన చేతిని నమ్మినవాడు. ఇద్దరు మనుషుల చేత దింపించి అరుగు మీద పెట్టించాడు.

"షెడ్డులో రెండుసార్లు అతికారయ్యా. రెండుసార్లూ దారిలో కారింది. రేపు సరుకు ఎత్తాలి. పెరట్లో ఒక్క గంట పని. గ్యాసూ టంకమూ నేనే తెచ్చాను. షెడ్డులో ఇచ్చేదానికి మూడింతలు ఇస్తాను."

ఆయన దాని పక్కన గొంతుకూర్చున్నాడు. చూపుడువేలు అతుకు వెంబడి మెల్లగా పోనిచ్చాడు. మూల దగ్గర ఆగాడు.

"ఇక్కడండీ. పైది కాదు, దీని కిందది పగిలింది. అందుకే నిలవడం లేదు."

"చూశావా! చూడగానే పట్టావు. కానిచ్చెయ్ మరి."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మూడింతలంటే పిచ్చుక తర్వాతి పరీక్ష. రెండు నెలల సిరప్పు. గుడ్లు. ఒక్క గంట. పిల్లని వదిన ఇంటికి పంపొచ్చు. పెరడు వానకి తడిసే ఉంది, దుమ్ము లేవదు. తర్వాత నేనే కడుగుతాను, రెండుసార్లు కడుగుతాను. ఇదంతా ఎంత చప్పున అమరిపోయిందంటే, నా కాలు గుమ్మం దాటింది, నోరు తెరుచుకుంది.

"నా వల్ల కాదండీ" అన్నాడు ఆయన.

"చెయ్యి పోయిందా ఏంటి?"

"చెయ్యి ఉంది."

"మరి?"

"పిల్ల ఉంది."

ఓనరుకి అర్థం కాలేదు. ఎక్కువ అడుగుతున్నాడనుకుని ఇంకొంచెం పెంచాడు. ఆయన తల అడ్డంగా ఊపి, ఆ కింది పగులు ఎలా అతకాలో, ఎంత వేడి చాలో, షెడ్డులో ఎవరి చేత చేయించాలో విడమర్చి చెప్పి పంపించాడు. ఆటో వెళ్లిపోయింది.

ఆయన పెరట్లోకి వచ్చి, ఆ చూపుడువేలిని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్లు పొయ్యి."

పోశాను. సబ్బు రుద్దుకున్నాడు, మోచేతి దాకా. మళ్లీ పోయమన్నాడు. మళ్లీ పోశాను.

"ఇందాక ఏదో అనబోయావు?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"సబ్బు కావాలా అని" అన్నాను.